చిన్న వంటిల్లు: గట్టు కింద కప్‌బోర్డుల్లో వెనక సగం వాడుకలోకి రావడం లేదు, ఎలా సర్దాలి?

కొలబద్ద:
అందరికీ నమస్కారం. వంటిల్లు 2.1 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు. గట్టు కింద నాలుగు కప్‌బోర్డులు: 80 సెం.మీ. వెడల్పువి రెండు (వాటిలో ఒకటి సింకు కింద), 45 ఒకటి, మూలన ఇంకొకటి. అన్నీ 58 సెం.మీ. లోతు. పైన గోడకు 80 వెడల్పు, 30 లోతు, 70 ఎత్తు కప్‌బోర్డులు రెండు. అన్నీ 18 మి.మీ. పార్టికల్ బోర్డు. కింద వాటిలో ముందు వరస మాత్రమే చేతికి అందుతుంది, వెనక ఏముందో కనబడదు. పైన డబ్బాలు నిండిపోయాయి, అయినా ప్రతి డబ్బా మీదా జానెడు గాలే. కొత్తగా స్టాండ్లు, డబ్బాలు కొనాలా, ఉన్నవే మార్చి సర్దాలా? ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది కూడా చెప్పండి.

మూతలవేట:
ముందు ఏమీ కొనకండి. స్టాండ్లు, బుట్టలు ముందు కొంటే పనికిరాని సామానుకి కూడా చోటు దొరికిపోతుంది, అది అక్కడే తిష్ఠ వేస్తుంది.

సామాను తీసేటప్పుడు ఒక్కో కప్‌బోర్డూ ఖాళీ చేయొద్దు. ఒక్కో రకం తీయండి. మూతలున్న డబ్బాలన్నీ ఏ మూలన ఉన్నా ఒకచోట కుప్పగా పోయండి. తర్వాత గిన్నెలు, ఆ తర్వాత గరిటెలు. కప్‌బోర్డు వారీగా తీస్తే ఒకే పని చేసే వస్తువులు మూడు చోట్ల మూడున్నాయని ఎప్పటికీ తెలియదు.

మొదట డబ్బాలతో మొదలెట్టండి, చోటు ఎక్కువగా అక్కడే తిరిగొస్తుంది. ప్రతి డబ్బాకీ దాని మూత వేసి చూడండి. మూత లేని డబ్బా, డబ్బా లేని మూత పక్కకి. మూత పడినా ఒక మూల పైకి లేస్తుంటే అది వంగింది, ఇక గాలి ఆపదు. రబ్బరు పట్టీ ఉన్న మూత అయితే పట్టీ బయటికి తీసి చూడండి. నల్ల బూజు కింద పాకి ఉంటే కడిగినా వాసన పోదు. పట్టీ విడిగా దొరికితే మార్చండి, లేకపోతే డబ్బా వదిలేయండి. పూత లేచిన నాన్‌స్టిక్ పెనాలు, పగుళ్లు పట్టిన ప్లాస్టిక్, పిడి ఊగిపోతూ స్క్రూ బిగింపు నిలవని మూకుళ్లు కూడా ఈ విడతలోనే తీసేయండి. పిడి స్క్రూ బిగిస్తే నిలిచేదాన్ని మాత్రం ఉంచుకోండి, అది రెండు నిమిషాల పని.

మిగిలినవాటిలో తేల్చుకోలేనివి ఒక అట్టపెట్టెలో పెట్టి, పైన తేదీ వేసి, వంటింటి బయట ఉంచండి. కావలసినప్పుడు దాంట్లోంచి తీసుకోండి, తీసింది మళ్లీ పెట్టెలోకి వెళ్లకూడదు. 90 రోజుల తర్వాత పెట్టెలో మిగిలింది వంటింటి సామాను కాదు. ఏడాదికి రెండు మూడుసార్లే వాడే పెద్ద గిన్నెలకి ఈ లెక్క వర్తించదు. అవి ఉండాలి, కానీ అటక మీదో మంచం కింద పెట్టెలోనో.

పెట్టెకి మూత టేపు వేయొద్దు. టేపు వేస్తే తెరవడానికి బద్ధకించి అదే వస్తువు మళ్లీ కొంటారు.

సొరుగుపని:
మూతలవేట గారు చెప్పింది పూర్తయ్యాకే ఇది చదవండి. గట్టు కింద 58 సెం.మీ. లోతున్న కప్‌బోర్డులో స్థిరమైన అర వేయడమే అసలు తప్పు. మోచేయి దాకా చెయ్యి పెట్టాలి, ముందున్నవి పక్కకి జరపాలి, నడుము వంచి చూడాలి. ఈ మూడూ ఉన్నచోట వెనకది ఎవరూ వాడరు. అర బయటికి రావాలి. అంటే సొరుగు.

80 కప్‌బోర్డుకి లెక్క ఇది. బయట 800 మి.మీ., రెండు పక్క పలకలు 18 చొప్పున తీసేస్తే లోపల 764. మామూలు బాల్ బేరింగ్ టెలిస్కోపిక్ ఛానల్ (సొరుగు జారడానికి పక్కన బిగించే ఇనుప పట్టా) ఒక్కో పక్కకి 12.7 మి.మీ. తింటుంది, రెండు పక్కలా కలిపి 25.4. పెట్టెని 26 తక్కువగా చేయించండి, ఆ అర మిల్లీమీటరు ఊపిరి కావాలి. తలుపులు లేని చోటైతే సొరుగు పెట్టె బయటి వెడల్పు 738 వస్తుంది.

పెట్టె 1 మి.మీ. ఎక్కువైతే ఛానల్ నొక్కుకుపోయి బిగుసుగా కదులుతుంది, లోపలి గోలీలు త్వరగా అరుగుతాయి. 2 మి.మీ. తక్కువైతే భయం లేదు, ఛానల్ వెనక పలచటి వెనీర్ ముక్కో వాషరో పెట్టి సరిచేయొచ్చు. అందుకని అనుమానం వస్తే తక్కువ వైపే ఉండాలి.

ఛానల్ కొనేటప్పుడు పూర్తిగా బయటికి వచ్చేదే తీసుకోండి. ముప్పావు వంతు వచ్చే రకం చవక, కానీ 500 మి.మీ. ఛానల్ 375 దగ్గర ఆగిపోతుంది. మిగిలిన 125 మళ్లీ చీకట్లోనే. గిన్నెల సొరుగుకి 45 మి.మీ. ఎత్తు ఛానల్ వాడండి. ఈ రకంలో జతకి 35 నుంచి 45 కిలోల బరువు మోసేవి మామూలుగా దొరుకుతాయి, ఎంత మోస్తుందో ప్యాకెట్ మీద చూసుకోండి. ఆ బరువులో సొరుగు పెట్టె బరువు కూడా కలిసే ఉంటుంది.

అడుగు పలక 6 మి.మీ. వేసి గాడిలో దూర్చేస్తారు చాలామంది. 70 సెం.మీ. వెడల్పులో గిన్నెలు పెడితే అది కొన్ని నెలల్లో బొజ్జలా దిగుతుంది, తర్వాత గాడిలోంచి జారుతుంది. 12 మి.మీ. ప్లైవుడ్ వేయించండి.

కొలబద్ద:
సొరుగుపని గారూ, ఇది అద్దె ఇల్లు. గోడ కప్‌బోర్డుకి స్క్రూలు వేయొచ్చు కానీ కింద పక్క పలకలకి ఛానల్ బిగించడానికి ఇంటివాళ్లు ఒప్పుకోకపోతే?

సొరుగుపని:
అప్పుడు ఛానల్ లేని సొరుగు చేసుకోవాలి, అంటే పొడుగు ట్రేలు. లోతు 50 నుంచి 54 సెం.మీ., వెడల్పు 22 నుంచి 24, అంచు 8 నుంచి 10 సెం.మీ. ఎత్తు. 76 సెం.మీ. లోపలి వెడల్పులో 24 సెం.మీ. ట్రేలు మూడు పక్కపక్కన పడతాయి. ముందు వైపు వేళ్లు పట్టేలా 10 సెం.మీ. వెడల్పు, 3 సెం.మీ. ఎత్తు కంత కోయించండి. కింద గుడ్డ ఫెల్టు ముక్కలు అంటిస్తే లాగేటప్పుడు అర గీసుకోదు.

బరువు 6, 7 కిలోలు దాటనివ్వొద్దు. ఛానల్ లేదు కనుక సగానికి మించి లాగితే ముందుకి ఒరుగుతుంది, రెండో చెయ్యి కింద పెట్టాల్సిందే. బరువైన కుక్కర్లు, మూకుళ్లు వీటిలో వద్దు.

పావుకిలో:
పై కప్‌బోర్డు డబ్బాల సంగతి నేను చెప్తాను. కొలబద్ద గారు రాసిన “డబ్బా మీద జానెడు గాలి” దగ్గరే మీకు సగం చోటు పోతోంది.

70 సెం.మీ. ఎత్తు కప్‌బోర్డులో పై పలక, కింది పలక 18 మి.మీ. చొప్పున పోతే 66.4 సెం.మీ. మధ్యలో రెండు అరల మందం 3.6. మిగిలింది 62.8. సమానంగా మూడు భాగాలు చేస్తే ఒక్కోటి దాదాపు 21. 12 సెం.మీ. డబ్బా పెడితే 9 సెం.మీ. వృథా. అలా కాకుండా అరల్ని అసమానంగా పెట్టండి: పెద్ద డబ్బాలకి సుమారు 28, మధ్యరకానికి 20, చిన్న సీసాలకి 15 చేరువలో. పక్క పలకల్లో అర ఆనే పిన్నుల రంధ్రాలు సాధారణంగా 32 మి.మీ. ఎడంతో ఉంటాయి, కాబట్టి ఈ కొలతలు అచ్చంగా రావు, దగ్గరి రంధ్రానికి సర్దుకోవాలి. డబ్బా ఎత్తు మీద 2.5 నుంచి 3 సెం.మీ. వదలండి. అంతకంటే తక్కువైతే డబ్బాని వంచి బయటికి తీయలేరు, మూత పై అంచుకి తగులుతుంది.

ఇక గుండ్రం, చదరం. 14 సెం.మీ. గుండ్రటి డబ్బా, 14 సెం.మీ. చదరపు డబ్బా అర మీద ఒకే చోటు ఆక్రమిస్తాయి. గుండ్రటిది ఆ చదరంలో 78.5 శాతమే నింపుతుంది. 20 సెం.మీ. ఎత్తుకి గుండ్రటి దాంట్లో 3.1 లీటర్లు, చదరపు దాంట్లో 3.9 (గోడల మందం లెక్కలోకి తీసుకోలేదు). మీ అర 76 × 29, అడ్డంగా 5, లోతుకి 2, మొత్తం 10 డబ్బాలు. అంటే ఒక్క అర మీదే 8 లీటర్ల తేడా.

ఇక్కడే అందరూ పొరబడతారు. 15 సెం.మీ. డబ్బా అయితే అడ్డంగా 75, బాగానే పట్టింది. లోతుకి రెండు కలిపి 30, లోపల ఉన్నది 29. తలుపు పడదు. డబ్బా కొలత అడుగున కాదు, మూత అంచు దగ్గర తీయాలి. చాలా డబ్బాలకి మూత చుట్టూ 4, 5 మి.మీ. బయటికి ఉంటుంది, గొళ్లేల మూతలకి ఇంకా ఎక్కువ.

ఎన్ని లీటర్లు కావాలో కిలోల్లో ఊహించొద్దు. బియ్యం, పంచదార లీటరుకి సుమారు 800 నుంచి 850 గ్రాములు. గోధుమపిండి 500 నుంచి 600 మాత్రమే. కాబట్టి 5 కిలోల బియ్యానికి ఆరు లీటర్లు పైచిలుకు చాలు, అదే 5 కిలోల పిండికి తొమ్మిది, పది లీటర్లు కావాలి. ఉప్పు సుమారు లీటరుకి 1.2 కిలోలు, చిన్న డబ్బా చాలు.

నీలిసీసా:
పావుకిలో గారి లెక్కతో పేచీ లేదు, కానీ అన్నీ చదరపు డబ్బాలు వద్దు. చదరపు డబ్బా మూలల్లో పిండి గట్టిపడి కూర్చుంటుంది. గరిటె చేరదు, కడిగేటప్పుడు వేలు చేరదు. పురుగు గుడ్లు మిగిలేది కూడా అక్కడే. మూలలు గుండ్రంగా తిరిగి ఉన్న చదరపు డబ్బా ఉంటే సరే. లేకపోతే పిండికి, బెల్లంలాంటి జిగట సరుకుకి గుండ్రటిదే మేలు. నోరు పిడికిలి పట్టేంత, అంటే 9, 10 సెం.మీ. ఉండాలి.

ఇంకోటి, అన్నీ పారదర్శకంగా కనబడాలని గాజు, ప్లాస్టిక్ కొనేస్తున్నారు. తలుపున్న కప్‌బోర్డులో పర్వాలేదు. తెరిచిన అరల మీద అయితే నూనెకి, మసాలా పొడులకి వెలుతురు మంచిది కాదు. నూనె వెలుతురుకీ వేడికీ త్వరగా ముక్క వాసన పడుతుంది, పొడుల రంగూ ఘాటూ పోతాయి. స్టవ్ పక్కన లేదా పైన పెట్టుకునే మసాలా స్టాండు అందుకే నాకు నచ్చదు. చెయ్యి చాచితే అందుతుంది నిజమే, కానీ వేడీ ఆవిరీ తగిలే చోటే అది. వంట చేసే చోటికి ఒక అడుగు పక్కన ఉన్న సొరుగులో సీసాల్ని నిలబెట్టి, మూత మీద పేరు రాస్తే పైనుంచి చూసి తీయొచ్చు.

పావుకిలో:
మూలల సంగతి ఒప్పుకుంటాను. పిండికి గుండ్రం, గింజలకి చదరం అని సవరిస్తున్నాను.

నీలిసీసా:
మరో మాట మర్చిపోయాను. పాత సరుకు మీద కొత్తది పోయకండి. కింద మిగిలిన పాతదాంట్లో పురుగుంటే మొత్తం పోతుంది. పాతది గిన్నెలోకి వంపి, డబ్బా కడిగి పూర్తిగా ఆరాక కొత్తది పోసి, పాతదాంట్లో పురుగు లేకపోతేనే పైన వేయండి. ఫ్రీజర్‌లో చోటుంటే కొత్త పిండి, గింజలు మైనస్ 18 డిగ్రీల దగ్గర నాలుగు రోజులు ఉంచితే పురుగులు గుడ్లతో సహా చస్తాయి. తీశాక ప్యాకెట్టు వెంటనే విప్పొద్దు, గది వేడికి వచ్చేదాకా మూసే ఉంచండి. లేకపోతే చెమ్మ లోపలికి చేరి ముద్ద కడుతుంది.

పలకబలం:
కొలబద్ద గారి అరలు పార్టికల్ బోర్డు, 76 సెం.మీ. జాగా. పది డబ్బాలు నింపితే ఒక అర మీద పాతిక, ముప్ఫై కిలోలు పడతాయి. ఆ బోర్డు మొదటిరోజు విరగదు, మెల్లగా వంగుతుంది. వంగినది బరువు తీసినా పూర్తిగా తిరిగి రాదు. రెండు మూడు మి.మీ. వంగినప్పుడే తిరగేసి పెట్టండి. అది తాత్కాలికం, బలం మాత్రం వేరేగా ఇవ్వాలి.

ఒకే రకం బరువు పరిచినప్పుడు వంగుడు జాగా పొడవుకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. సరిగ్గా మధ్యలో ఒక నిలువు పలక ఆనించి జాగా సగం చేస్తే వంగుడు పదహారో వంతుకి పడిపోతుంది. మందంతో అయితే మూడో ఘాతం, 18 తీసి 25 వేస్తే వంగుడు దాదాపు 37 శాతానికి దిగుతుంది. అంటే ఖరీదైన మందపు పలక కంటే మధ్య ఆధారమే మేలు. మధ్య పలక అడ్డం అనుకుంటే, అర ముందు అంచు కింద 40 మి.మీ. ఎత్తు గట్టి చెక్క పట్టీ జిగురుతో, స్క్రూలతో నిలువుగా బిగించండి. పట్టీ పడుకోబెడితే లాభం లేదు, నిలబెట్టాలి. కింది అర డబ్బాల ఎత్తులో 4 సెం.మీ. పోతుంది, ముందే లెక్క వేసుకోండి.

పిన్నులు కూడా చూడండి. ప్లాస్టిక్ పిన్నులు ఉంటే 5 మి.మీ. ఇనుపవి వేయండి. రంధ్రం వదులైతే పక్క రంధ్రంలోకి మార్చండి, అట్టముక్క దోపి నెట్టుకు రావొద్దు.

గోడమేకు:
గోడ గురించి రెండు మాటలు. గట్టుకి, పై కప్‌బోర్డుకి మధ్య ఉండే 45 నుంచి 60 సెం.మీ. గోడ మీద ఒక కడ్డీ వేసి గరిటెలు, చిన్న మూకుళ్లు వేలాడదీస్తే ఒక సొరుగు ఖాళీ అవుతుంది. కానీ రోజూ వాడేవే వేలాడదీయండి. వారానికోసారి వాడేది గోడ మీద జిడ్డు పట్టి, వాడే ముందు కడగాల్సి వస్తుంది.

డ్రిల్ వేసే ముందు స్విచ్‌బోర్డులకీ కుళాయిలకీ నిటారుగా పైనా కిందా, అడ్డంగా అదే వరసలో వేయొద్దు. వైర్లూ పైపులూ సాధారణంగా ఆ దారుల్లోనే నడుస్తాయి. టైలు మీద కాగితపు టేపు అంటించి గుర్తు పెట్టండి, బిట్టు జారదు. టైలు దాటేదాకా సుత్తి మోడ్ ఆపేయాలి, వేస్తే టైలు పగులుతుంది. టైలు అంచుకి 3 సెం.మీ. లోపలికి వేయండి. 8 మి.మీ. ప్లగ్గుకి (స్క్రూ పట్టేందుకు గోడలో దోపే ప్లాస్టిక్ గొట్టం) 8 మి.మీ. బిట్టు, ప్లగ్గు పొడవు కంటే 1 సెం.మీ. ఎక్కువ లోతు. పొడి ఊది తీయకుండా ప్లగ్గు దోపితే అది సగంలో ఆగి, స్క్రూ బిగించినప్పుడు తిరుగుతుంది.

అద్దె ఇంట్లో అంటించే కొక్కేలు వాడుకోవచ్చు. టైలుని ఆల్కహాల్‌తో తుడవాలి, సబ్బు నీళ్లతో తుడిస్తే పొర మిగిలి జిగురు పట్టదు. రెండు టైళ్ల మధ్య సందు మీద అంటించొద్దు. ముప్ఫై సెకన్లు గట్టిగా నొక్కి, ఒక రోజంతా ఏమీ తగిలించకండి. గోడకి హత్తుకుని వేలాడే వస్తువుని అది మోస్తుంది. ముందుకి పొడుచుకొచ్చే బుట్టని మోయదు, ఎందుకంటే బరువు కొక్కెం పై అంచుని గోడ నుంచి ఒలిచేలా లాగుతుంది. సున్నం, పెయింట్ వేసిన గోడ మీద అంటిస్తే ఊడేటప్పుడు పెయింట్‌తో సహా వస్తుంది.

చాకుల మాగ్నెట్ పట్టీ వేసేవారు చాకుని అంచు వైపు నుంచి లాగకండి. వీపు వైపు ఆనించి తిప్పి తీయాలి, పెట్టేటప్పుడూ వీపే ముందు తగలాలి. సింకు పైన, స్టవ్ పైన వద్దు.

కొలబద్ద:
సింకు కింద ఏం పెట్టొచ్చు? సగం జాగా పైపులే తింటున్నాయి. మూల కప్‌బోర్డు సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

తడిచెయ్యి:
సింకు కింద తినే సరుకేదీ పెట్టకండి, కాగితపు సంచులు కూడా. అక్కడ ఎప్పుడో ఒకప్పుడు చెమ్మ చేరుతుంది. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు చాలామంది అక్కడే పడేస్తారు, గాలి లేక కుళ్లుతాయి. వాటికి గాలాడే బుట్ట కావాలి, రెండూ వేర్వేరుగా. బంగాళాదుంపలకి వెలుతురు తగలకూడదు, పచ్చబడితే అందులో సోలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది.

అక్కడ పెట్టాల్సినవి: కడిగే సబ్బులు, స్క్రబ్బర్లు, బకెట్టు, చెత్త సంచులు. ముందుగా నీళ్ల వాల్వు చేతికి అందేలా చూసుకోండి, దాని ముందు సామాను పేర్చొద్దు. సింకు కింది వంపు పైపుకి మరమ్మతు మూత ఉంటుంది. దాని కింద ఒక గిన్నె పట్టేంత, సుమారు 15 సెం.మీ., ఖాళీ వదలండి. మిగతా చోట పైపు చుట్టూ కోసిన యు ఆకారపు అర వేయొచ్చు. లేదా రెండు పక్కలా రెండు సన్నని స్టాండ్లు పెట్టొచ్చు, అదే తేలిక.

అడుగున అంచు 3 సెం.మీ. ఉన్న ప్లాస్టిక్ ట్రే వేయండి. లీకైతే నీళ్లు అందులో కనబడతాయి, పార్టికల్ బోర్డు తాగి ఉబ్బేదాకా తెలియకపోవడం ఉండదు. బ్లీచు సీసా, ఆమ్లం ఉన్న టాయిలెట్ క్లీనర్ సీసా ఒకే ట్రేలో పెట్టకండి. రెండూ ఒలికి కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. అమోనియా ఉన్న అద్దాల క్లీనర్‌ని కూడా బ్లీచుకి దూరంగానే పెట్టండి. ఇంట్లో పిల్లలుంటే ఇవన్నీ ఎత్తు మీదికి, తాళంలోకి.

వైరు బుట్టలు కొనేటప్పుడు అయస్కాంతంతో పరీక్ష చేసి “అంటుకోలేదు, మంచి స్టీలే” అనుకోవద్దు. 202 రకం స్టీలు కూడా సాధారణంగా అంటుకోదు, కానీ 304 కంటే త్వరగా తుప్పు పడుతుంది. సింకు కింద 304 అయితేనే తీసుకోండి, లేదా ప్లాస్టిక్. క్రోమ్ పూత ఇనుము అయితే వైరు కోసిన చివరల దగ్గరే తుప్పు మొదలవుతుంది.

సొరుగుపని:
మూల కప్‌బోర్డుకి తిరిగే పళ్లెం అందరూ చెప్తారు. 60 × 60 లోపలి జాగాలో 55 సెం.మీ. పళ్లెం వేస్తే నేలలో మూడింట రెండు వంతులే వాడుకలోకి వస్తుంది. వెనక్కి జారిపడిన మూత తీయడానికి మొత్తం విప్పాలి. బయటికి తిరిగొచ్చే యంత్రం మంచిదే, కానీ దాని కడ్డీలూ చట్రమూ చాలా జాగా తినేస్తాయి. ఇంత చిన్న వంటింట్లో మూలని అరుదుగా వాడే పెద్దవాటికి వదిలేయమనే నా మాట. ఒకదాంట్లో ఒకటి దూర్చిన పెద్ద గిన్నెలు, లోపల మూతలు తిరగేసి. నోరు దగ్గర ఏమీ పెట్టొద్దు. ఏముందో ఒక కాగితం రాసి తలుపు లోపల అంటించండి.

45 కప్‌బోర్డు గురించి ఎవరూ చెప్పలేదు. దాన్ని నిలువు సందులుగా చేయండి. లోపల 41.4 సెం.మీ. 6 మి.మీ. ప్లై పలకలు, 5 సెం.మీ. సందులు, ఏడు సందులు పడతాయి. పళ్లేలు, కోసే పలకలు, మూతలు, పెనాలు అందులో నిలబడతాయి. పడుకోబెట్టి పేర్చిన పెనాల్లో మూడోది తీయాలంటే రెండు ఎత్తాలి, నిలబెడితే దేన్నైనా ఒక్క చేత్తో తీస్తారు. నాన్‌స్టిక్‌వి పక్కపక్కన పెట్టేటప్పుడు మధ్య గుడ్డముక్క ఉండాలి. పలకల ఎత్తు 30 సెం.మీ. చాలు, పైన ఒక అర వస్తుంది.

మూతలవేట:
అన్నిటినీ ఎక్కడ పెట్టాలన్నది కూడా తేల్చండి. రోజూ వాడేవి మోకాలికి పైన, భుజానికి కింద, అంటే నేల నుంచి సుమారు 60 నుంచి 140 సెం.మీ. మధ్య. బరువైనవి నడుము కిందే. భుజం పైన గాజు, బరువు రెండూ వద్దు. కప్పులు నీళ్ల దగ్గర, కోసే పలక గట్టు ఖాళీ ఉన్న చోట, వేడి గిన్నెలు పట్టుకునే గుడ్డలు స్టవ్ పక్క సొరుగులో. స్టవ్ మీద గోడకి గుడ్డలు, కాగితపు చుట్టలు, ప్లాస్టిక్ డబ్బాలు ఏమీ వద్దు. గ్యాస్ వాల్వు ముందు ఏదీ అడ్డం పెట్టకండి.

ఫ్రిజ్ మీద చోటుందని నూనె, మందులు పెట్టేవారు ఉన్నారు. అక్కడ వేడి చేరుతుంది. గాలి ఆడటానికి వెనకా పక్కలా ఎంత ఖాళీ వదలాలో దాని పుస్తకంలో ఉంటుంది, అంత వదలాల్సిందే.

కొలబద్ద:
అందరికీ ధన్యవాదాలు. ఇంటివాళ్లు ఒప్పుకున్నారు, కింద 80 కప్‌బోర్డుకి ఛానల్ సొరుగులు రెండు చేయిస్తున్నాను. ఇప్పుడున్న రెండు తలుపులూ ఉంచి, లోపల సొరుగులు. పెట్టె వెడల్పు 738 అని వడ్రంగికి రాసిచ్చాను. లోపలి లోతు 57, ఛానల్ 550. పై అరలకి మధ్యలో నిలువు పలక. ఇందులో తప్పేమైనా ఉందా?

సొరుగుపని:
ఉంది. కోసే ముందే ఆపండి. 738 తలుపుల్లేనప్పటి కొలత. తలుపు 90 డిగ్రీలు తెరుచుకున్నప్పుడు దాని అంచు, హింజ్ (కీలు) రెండూ పక్క పలక గీత దాటి లోపలికి వస్తాయి. సొరుగు లాగగానే పెట్టె పక్క తలుపుకి గీసుకుని ఆగిపోతుంది. తలుపు పూర్తిగా తెరిచి, పక్క పలక లోపలి గీత నుంచి అది ఎంత లోపలికి వచ్చిందో స్కేలుతో కొలవండి. ఆ కొలత కంటే ఎక్కువ మందమున్న పట్టీ రెండు పక్కలా వేసి, దాని మీద ఛానల్ బిగించాలి. 18 మి.మీ. పట్టీలు సరిపోతే లెక్క ఇలా: 764 లోంచి 36 పోతే 728, ఛానల్‌కి 26 పోతే 702. పెట్టె 702 చేయించండి.

చోటు వదులుకోవడం ఇష్టం లేకపోతే తలుపు లోపలికి రాకుండా పూర్తిగా పక్కకి తిరిగే 155 లేదా 165 డిగ్రీల హింజులు దొరుకుతాయి. వాటితో పట్టీ అక్కర్లేదు, కానీ తలుపు పక్కన గోడ ఉంటే అంత తెరుచుకోదు. కాబట్టి ముందు తలుపు తిరగడానికి చోటుందో లేదో చూడండి.

లోతు 57, ఛానల్ 550 సరే. ఛానల్‌ని ముందు అంచు నుంచి 3 మి.మీ. లోపలికి బిగించండి, తలుపు మూసినప్పుడు తగలదు. తలుపులు మూసేది సొరుగులు పూర్తిగా లోపలికి వెళ్లాకే అని ఇంట్లో అందరికీ చెప్పండి. సగం బయట ఉన్న సొరుగు మీద తలుపు నెడితే మొదట పాడయ్యేవి హింజ్ స్క్రూలే. పార్టికల్ బోర్డులో స్క్రూ ఒకసారి ఊడితే అదే రంధ్రంలో మళ్లీ పట్టదు. రంధ్రం వెడల్పు చేసి, డోవెల్ (గుండ్రటి చెక్క ముక్క) జిగురుతో దోపి, ఒక రోజు ఆరనిచ్చి, దాంట్లోకి కొత్తగా స్క్రూ వేయాలి.

కొలబద్ద:
ఇప్పుడే కొలిచాను. ఎడమ తలుపు 14 మి.మీ. లోపలికి వస్తోంది, కుడిది 15. కుడి పక్కన గోడ ఉంది కాబట్టి పెద్ద హింజ్ కుదరదు. 18 పట్టీలే వేయిస్తాను. వడ్రంగికి 738 కొట్టేసి 702 అని రాసిచ్చాను.

సొరుగుపని:
702 సరిపోయింది. పట్టీ ఒక్క ఛానల్ ముక్కంత కాకుండా పక్క పలక కింది నుంచి పైదాకా ఒకటే పలకగా వేయమనండి, రెండు సొరుగుల ఛానళ్లూ ఒకే వరసలో నిలబడతాయి. కింది సొరుగు ఛానల్ ముందు బిగించి, పెట్టె లోపలికి తోసి, రెండు పక్కలా ఎత్తు సమానంగా ఉందో లేదో చూశాకే పైది బిగించాలి.